ఐసు మీద పది నిమిషాలు

ఫిబ్రవరి 6

కుడివైపు పై మూల ఖాళీ అయింది.

మళ్ళీ రాస్తున్నాను, నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఖాళీ అయింది.

మందు పెట్టని కణాల్ని మెషీన్ గుండా పంపితే తెర మీద ఆ మూలన బెల్లానికి చీమలు పట్టినట్టు చుక్కలు గుంపు కడతాయి. అవే క్యాన్సర్ మూలకణాలు. కణితిలో పిడికెడు కూడా ఉండవు గానీ మొండిఘటాలు. ఆస్పత్రి మందుకు మిగతావన్నీ చచ్చినా ఇవి నిద్ర నటిస్తూ పడుకుని, మందు ఆపాక లేచి కణితిని మళ్ళీ కట్టుకుంటాయి. నా పెప్టైడ్‌లో రెండు రోజులు ఉంచిన కణాల్ని ఇవాళ పంపాను. ఆ మూలన దారి తప్పినవి నాలుగు చుక్కలు. అంతే.

పక్క బల్ల గడ్డం సీనియర్ వచ్చి వంగి చూశాడు. రంగు కలపడం మరిచిపోయావా అన్నాడు. మరిచిపోలేదు. వరస తారుమారు చేసి కట్టిన ఉత్తుత్తి పెప్టైడ్ పెట్టిన ట్యూబులోనూ అదే రంగు పోశాను, అందులో చుక్కలు నిండుగా ఉన్నాయి. ఆయన తన కుర్చీ నా వైపు జరిపాడు. ఈ ల్యాబులో అంతకు మించిన మెప్పు ఎవరికీ దక్కలేదు.

మా ల్యాబు నడిపే మేడమ్ వచ్చి తెర చూసి, మూడుసార్లు ఇలాగే వస్తే అప్పుడు మాట్లాడదాం అన్నారు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నవ్వారు.

పదిహేను అమైనో ఆమ్లాలు పూసలుగా గుచ్చిన దండ. అంత చిన్నది నా పెప్టైడ్. ఏ పూస తర్వాత ఏ పూసో నేనే ఎంచాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గది వదిన ఇస్త్రీ దుకాణం కాబట్టి ఇంట్లోకి ఎవరు వెళ్ళాలన్నా బట్టల మూటలు దాటుకుంటూ ఆవిరిలోంచే వెళ్ళాలి.

వదిన చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె నడుపుతూనే చెప్పింది. కిందటిసారి క్యాన్సర్‌కి కోత పెట్టిన చోటికి పైన, చంక దగ్గర గడ్డ తగిలిందట. గురువారం సూది పెట్టి ముక్క తీసి చూశారట. అదేనట. తిరిగొచ్చింది. పదహారో తారీఖు సోమవారం కీమో డ్రిప్పు మొదలుపెట్టి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారట. ఎవరో గిరాకీ మరిచిపోయిన చొక్కా కోసం మళ్ళీ వచ్చాడన్నట్టు చెప్పింది.

కిందటిసారి డ్రిప్పుకి ఆమె గోళ్ళు నల్లబడ్డాయి. నోరంతా పూసింది. ఇస్త్రీ ఆవిరి తగిలితే వాంతి. దుకాణం మూసేసి, గోడకు ఆనుకుని, ఎవరైనా వచ్చి తలుపు కొడితే "వాళ్ళని వెళ్ళిపొమ్మను" అని నాతో సైగ చేసేది. అమ్మ పోయాక ఈ ఇంట్లో ఎవరికీ భయపడని మనిషి ఆమే. ఆ సైగ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

ఏదో ఒకటి ఆమె చేతిలో పెట్టాలనిపించింది. ఉన్నది పెట్టాను.

"వదినా, నా పెప్టైడ్ ఆ మూలకణాల్ని చంపేస్తోంది. మొన్ననే చూశాను."

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "చంపేస్తోందా?"

"చంపేస్తోంది."

"నువ్వు క్యాన్సర్‌కి వేళకి అన్నం పెట్టి పెంచుతున్నావని మీ అన్నయ్య దగ్గర రోజూ తిట్టుకుంటాను కదే. మేపి మేపి చంపడానికన్న మాట." అని నవ్వింది. చాలా రోజులకు ఆ నవ్వు.

ఇదంతా ఇంకా గాజు గిన్నెలో జరుగుతున్న సంగతేననీ, మనుషుల దాకా రావడానికి ఏళ్ళు పడుతుందనీ కూడా చెప్పాను. చెప్పినట్టే గుర్తు.

ఫిబ్రవరి 10

రెండోసారీ ఖాళీ.

ఫిబ్రవరి 13

మూడోసారీ. మేడమ్ సదస్సుకు వ్యాస సారాంశం పంపేశారు. నా పేరు ముందు ఉంది. మా ఇంట్లో ఇంటిపేరు తప్పుల్లేకుండా రాయగలిగిన మొదటి మనిషిని నేను. ఆ పేరు కంప్యూటర్ తెర మీద చూసుకుంటూ కాసేపు ఉండిపోయాను.

ఫిబ్రవరి 16

అన్నయ్య ఫోన్. స్కూలు బస్సు నడపడం అయిపోయి, డిపోలోంచి మాట్లాడుతున్నాడు. వదిన ఇవాళ డ్రిప్పుకి వెళ్ళలేదట. డాక్టరమ్మకు తనే ఫోన్ చేయించి, మా ఆడపడుచు మందు కనిపెట్టింది, నాకు కొంచెం టైమివ్వండి అందట. ఆవిడ ఎంత చెప్పినా వినలేదట.

"నువ్వే చెప్పావట కదమ్మా బుజ్జీ," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. వాడికీ ఆ డ్రిప్పు మళ్ళీ చూడాలని లేదు.

ఆదివారం వచ్చి మాట్లాడతానన్నాను.

ఆగమని నేను అనలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

మాట్లాడటం కుదరలేదు. దుకాణం నిండా జనం. నేను గుమ్మం ఎక్కగానే వదిన అందరి ముందూ, "ఏమ్మా డాక్టరూ, ఈ వారం ఎన్ని చంపావు?" అంది. ఒకాయన చేతిలో ప్యాంటు పట్టుకుని నాకు నమస్కారం పెట్టాడు. ఇంతకుముందే వాళ్ళకంతా చెప్పేసినట్టుంది.

జనం తగ్గాక చెప్పడం మొదలుపెట్టాను. ముందు ఎలకల మీద చూడాలి, ఆ తర్వాత పెద్ద జంతువుల మీద, ఆ తర్వాత అనుమతులు. వదిన నీళ్ళు చిలకరిస్తూ వింది.

"ఎలకల తర్వాత నా మీద పెట్టు. నేనైతే ఎక్కడ నొప్పో నోరు తెరిచి చెప్తాను. ఎలక చెప్తుందా?"

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"డాక్టరమ్మ చెప్పినట్టు మొదలుపెట్టేస్తే మంచిది కదా వదినా."

చేతిలో నీళ్ళ చెంబు అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. "నీ మందు మీద నీకు నమ్మకం ఉందా లేదా?"

"ఉంది."

"ఉంటే ఇంకేం," అని మళ్ళీ పనిలో పడింది.

ఉంది అనే మాట అబద్ధం కాదు. మూడుసార్లు వచ్చిన ఫలితం. నమ్మకం లేకపోవడం ఎలా?

ఫిబ్రవరి 25

మూలకణాలు నిజంగా చచ్చాయో లేదో తేల్చేది ఇంకో పరీక్ష. కణాల్ని దేనికీ అంటుకోని గిన్నెలో తేలుతూ వదిలేస్తే మామూలువి చచ్చిపోతాయి, మూలకణాలు మాత్రం గుండ్రటి బంతులుగా పెరుగుతాయి. మూలకణాలు లేకపోతే బంతులూ లేవు. రెండు వారాలుగా పెంచుతున్నాను. ఇవాళ తీసి చూస్తే గిన్నెలన్నిటికీ బూజు. మొత్తం పారబోశాను.

వెంటనే మళ్ళీ పెట్టు అన్నాడు గడ్డం సీనియర్. పెడతానన్నాను. ముందు సదస్సులో చూపించాల్సిన గ్రాఫు బొమ్మలు చూసుకోవాలి.

మార్చి 2

మా రంగు అయిపోయింది. మేము రంగు అంటాం గానీ అది వెలుగుతో కలిపిన యాంటీబాడీ. మూలకణం ఒంటి మీద ఉండే గుర్తును వెతికి పట్టుకుని అంటుకుంటుంది, మెషీన్ ఆ వెలుగును లెక్కపెడుతుంది. కొత్త సీసా రావడానికి వారం పైన పడుతుందన్నారు. కింది అంతస్తు ల్యాబ్ నుంచి అదే గుర్తును పట్టుకునే వేరే కంపెనీ రంగు అడిగి తెచ్చి వేశాను.

మూల నిండుగా ఉంది. పెప్టైడ్ పెట్టిన ట్యూబులోనూ నిండుగా ఉంది.

కింది వాళ్ళు సీసాను ఫ్రిజ్ బయట వదిలేసి ఉంటారు. వాళ్ళ సంగతి తెలిసిందే.

మార్చి 3

మళ్ళీ చేశాను. నిండుగానే ఉంది.

పాడైన రంగయితే చుక్కలు తగ్గాలి కదా, పెరుగుతాయా?

ఈ వాక్యం రాయకపోయినా బాగుండేది.

మార్చి 4

మన రంగు వచ్చేదాకా ఏదీ తేల్చకూడదు. ఒకే పరీక్షకు రెండు కంపెనీల సరుకు వాడకూడదని మొదటి సంవత్సరం పిల్లలకు నేనే చెప్తాను. ఆ రెండు ఫలితాలూ వేరే ఫోల్డర్‌లో వేశాను.

మార్చి 8, ఆదివారం

ఇంటికి వెళ్ళలేదు. కణాలు పెరిగే పోషక ద్రవం మార్చాలని అన్నయ్యకు చెప్పాను. మార్చాల్సిన మాట నిజమే. అరగంట పని.

మార్చి 11

మన రంగు వచ్చింది. వేశాను. మూల ఖాళీ!

మధ్యాహ్నమంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. గడ్డం సీనియర్‌ను పిలిచి చూపించాను, కింది వాళ్ళ రంగు ఎంత పనికిమాలినదో కూడా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ విని, "ఆ రెండు రంగులూ గుర్తు మీద ఒకే చోట అంటుకుంటాయా?" అన్నాడు.

చూసి చెప్తానన్నాను.

మార్చి 12

చూడక్కర్లేదు. నాకు తెలుసు.

మా యాంటీబాడీ ఆ గుర్తును ఎక్కడ కరుచుకుంటుందో చూసే కదా నేను పెప్టైడ్ కట్టాను. దాని కొసనున్న ఆకారం చూసి, పూస పక్కన పూస పేర్చి, అదే చోట కూర్చునేలా చేశాను. కూర్చుంటుందని తేలినప్పుడు ఎంత మిడిసిపడ్డాను. తర్వాత చచ్చాయా బతికాయా చూడ్డానికి మళ్ళీ అదే యాంటీబాడీ వేశాను. బాగా తెలిసింది కదా, నమ్మకమైనది కదా అని.

ఆ చోట పెప్టైడ్ ముందే కూర్చుని ఉంటే రంగుకు చోటేదీ? రంగు అంటకపోతే మెషీన్‌కు చుక్క కనపడదు. కణం బతికే ఉండొచ్చు. నిక్షేపంగా ఉండొచ్చు. కింది వాళ్ళ రంగు గుర్తుకు ఇంకో పక్కన అంటుకుంటుంది, అందుకే దానికి అన్నీ కనపడ్డాయి.

తాళం కన్నంలో పుల్ల దూర్చి, తాళంచెవి దూరడం లేదు కాబట్టి లోపల మనుషులే లేరన్నాను.

ఉండొచ్చు అని రాశాను. ఇంకా తేలలేదు. కొన్ని చచ్చి, కొన్ని కప్పబడి ఉండొచ్చు. తేల్చడానికి ఒక తేలిక దారి ఉంది. కణాల్ని ఐసు మీద పెట్టి, పెప్టైడ్ పోసి, పది నిమిషాలు ఆగి, రంగు వేయడం. అంత చలిలో కణం చావదు, ఏ పనీ చెయ్యదు, బిగుసుకుని ఉంటుంది. పది నిమిషాల్లోనే మూల ఖాళీ అయిందంటే అది చావు కాదు. ముసుగు.

మార్చి 13

మెషీన్ వేరేవాళ్ళు బుక్ చేసుకున్నారు.

మార్చి 16

ఐసు మెషీన్ పనిచెయ్యలేదు.

(మధ్యాహ్నానికి బాగైంది.)

మార్చి 17

అన్నయ్య ఫోన్. వదిన ఎడమ చెయ్యి పైకి లేవడం లేదట. ఇస్త్రీ చేసిన చొక్కాలు కడ్డీకి తగిలించడానికి వాడు బస్సు దిగి వచ్చేదాకా అలాగే బల్ల మీద పేర్చి ఉంచుతోందట. గడ్డ వల్లా అని అడిగితే, బరువులెత్తి పట్టేసిందిలే అందట. నొప్పి అని మాత్రం అనడం లేదట.

"మందు పని ఎందాకా వచ్చింది?" అని అడిగాడు. మెల్లిగా, అడగొచ్చో లేదో అన్నట్టు అడిగాడు.

"జరుగుతోందన్నయ్యా," అన్నాను.

నేను ఆగమనలేదు, ఆమే ఆగింది. ఇది ఎన్నోసారి రాయడం? ఎవరికి చెప్తున్నాను?

మార్చి 18

పొద్దున్నే వెళ్ళాను. ఎవరూ రాకముందే. డబ్బా నిండా ఐసు నింపి, ట్యూబులు గుచ్చి, పెప్టైడ్ పోశాను. గోడ గడియారం చూస్తూ కూర్చుంటే పది నిమిషాలు ఎంతకీ అవ్వవని, టైమరు పెట్టి బోర్లా తిప్పి బల్ల మీద ఉంచాను. అది మోగింది. రంగు వేశాను. మళ్ళీ ఐసు. కడిగాను. మెషీన్‌లో పెట్టాను.

చుక్కలు ఎడమవైపూ కిందా వచ్చి పడుతున్నాయి. ఒక్క చుక్క, ఆ మూలన పదో ఇరవయ్యో చుక్కలు పడితే చాలు, నా పెప్టైడ్ ఇంత తొందరగా ముసుగు వెయ్యలేదని, రెండు రోజుల్లో చంపేదే నిజమని అనుకోవచ్చు. పడమని బతిమాలాను. క్యాన్సర్ కణాల్ని కనపడమని బతిమాలాను.

మూల ఖాళీ.

మార్చి 18, మధ్యాహ్నం

మేడమ్‌కి చెప్పాను. రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను, వేరే ఫోల్డర్‌లోవి కూడా. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ఆ యాంటీబాడీ ఎంచింది నువ్వు, ఒప్పుకుంది నేను, తప్పులో నాకూ సగం ఉంది అన్నారు. కింది రంగుతో తేడా వచ్చిన రోజే ఎందుకు చెప్పలేదన్నారు. సదస్సుకు ఈమెయిల్ పెట్టి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని నా ముందే రాసేశారు. రెండే వాక్యాలు.

తర్వాత, చచ్చాయని ఇంకెవరికైనా చెప్పావా అని అడిగారు.

ఇంట్లో అన్నాను. వదిన సంగతి అప్పుడే తెలిసింది ఆవిడకు. ఇన్నాళ్ళూ ల్యాబులో ఎవరికీ చెప్పలేదు.

కోపం వస్తే ఆవిడ పెన్ను మూత టకటకమనిపిస్తారు. ఇవాళ పెన్ను ముట్టనే లేదు.

"సదస్సుకు నేను రాశాను. అక్కడికి నువ్వు వెళ్ళు," అన్నారు. "రేపు కాదు."

మార్చి 18, సాయంత్రం

బస్సులో నిలబడే వెళ్ళాను. ఖాళీ సీట్లున్నాయి.

వదిన ఒక్కతే ఉంది. కుడి చేత్తో ఇస్త్రీ చేస్తోంది, ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంది. నన్ను చూసి మామూలు ప్రశ్న వెయ్యబోయింది. నేను ముందే అనేశాను.

"వదినా, అవి చావలేదు."

"ఏవి?"

"ఆ మూలకణాలు. నా మందు వాటి మీద ముసుగులా కూర్చుంది, అంతే. మా మెషీన్‌కు కనపడలేదు. కనపడకపోతే చచ్చాయనుకున్నాను."

ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. చేతిలో ఉన్న చొక్కా సగంలో ఆపలేదు. చెయ్యి మడిచి, రెండో చెయ్యి మడిచి, బొత్తాల వైపు పైకి తిప్పి పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళ." నా నోటికి అదే వచ్చింది. ఆమె చూస్తూనే ఉంది. "ఇవాళ ఖాయమైంది. అనుమానం ఈ నెల మొదట్లోనే వచ్చింది."

"ఈ నెల మొదట్లో." తనలో తను అనుకున్నట్టు అంది. "అందుకేనా ఆదివారాలు రావడం మానేశావు?"

తలూపాను.

"ఎలకలకైనా పెట్టావా ఆ మందు?"

"లేదు."

"పోన్లే. వాటికైనా ఆశ పెట్టలేదు."

వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి కాలితో తంతూనే ఉన్నారు, అది కదలడం లేదు. నేను ఏడుస్తానేమోనని భయపడ్డాను. ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఏడవలేదు.

"మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యి," అంది చివరికి. "ఇదంతా నువ్వే చెప్పు, నేను చెప్పలేను. రేపు పొద్దున్న ఆస్పత్రికి వెళ్ళాలని కూడా చెప్పు."

చేశాను. అన్నయ్య అంతా విని, ఒక్క మాటా అనకుండా పెట్టేశాడు. ఇన్నేళ్ళలో వాడు నా ఫోన్ అలా పెట్టేయడం ఇదే మొదటిసారి.

నేను వెళ్తుంటే వదిన వెనక నుంచి, "ఆ చొక్కాలు కడ్డీకి తగిలించి వెళ్ళు," అంది. తగిలించాను. ఒకటి వంకరగా ఉందని మళ్ళీ తగిలించమంది.

మార్చి 19

డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసి, స్కాన్ తీయించి చూశారు. గడ్డ పెద్దదైంది. చంకలో ఇంకోటి ఉంది. ఊపిరితిత్తులు, కాలేయం శుభ్రంగా ఉన్నాయి. ఆపరేషన్ ఇప్పటికీ కుదురుతుంది, కానీ ముందు డ్రిప్పుకు లొంగాలి, కిందటి నెల అయితే ఈ 'కానీ' ఇంత గట్టిగా అనేదాన్ని కాదు అన్నారు.

మీవాళ్ళెవరో మందు కనిపెట్టారన్నారే అని ఆవిడ వదినను అడిగారు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగారు. నేను ఆ గదిలోనే, తలుపు పక్కన ఉన్నాను.

"ఇంకా కనిపెడుతోంది," అంది వదిన.

వదిన బట్టలు సర్దుకుంటుంటే, ఈ నెల రోజుల వల్లే ఇలా అయిందా అని బయట డాక్టరమ్మను అడిగాను. ఆగకపోతే ఎలా ఉండేదో ఇప్పుడెవరూ చెప్పలేరన్నారు. ఆ మాట పట్టుకుని వేలాడాలని ఉంది. వేలాడను.

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు.

మార్చి 23

మొదటి డ్రిప్పు. అన్నయ్య సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. ల్యాబులో ఉన్నాను, ఏం చేశానో గుర్తు లేదు.

మార్చి 27

ఈసారి బూజు పట్టలేదు. మన రంగుతో ఖాళీగా కనపడిన కణాల్నే ఏరి, కడిగి, తేలే గిన్నెలో వేసి ఉంచాను. బంతులు లేస్తున్నాయి. గుండ్రంగా, నున్నగా, ఎప్పటికన్నా ఆరోగ్యంగా.

పెప్టైడ్ కనీసం సరైన చోట కూర్చుంటోంది కదా, దాని వీపున ఒక విషం ఎక్కించి పంపితే అదే చోటికి మోసుకెళ్తుందేమో చూద్దాం అన్నారు మేడమ్. గడ్డం సీనియర్ అప్పుడే లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. మంచి ఆలోచన. నిజంగానే మంచి ఆలోచన.

ఇంట్లో చెప్పలేదు.

ఏప్రిల్ 13

రెండో డ్రిప్పు. అన్నయ్యకు సెలవు దొరకలేదు. "నువ్వెళ్ళు," అని మెసేజ్ పెట్టాడు. మాట్లాడకపోయినా అది చాలు.

డ్రిప్పు గదిలో కుర్చీలు వరసగా ఉంటాయి, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు. నర్సు సూది గుచ్చుతుంటే వదిన నా చెయ్యి పట్టుకోలేదు, కుర్చీ చెయ్యే పట్టుకుంది. ఒక గంటయ్యాక కళ్ళు మూసుకునే, "ఈ వారం ఎన్ని చంపావు?" అంది.

"ఒక్కటీ లేదు."

"ఊఁ," అంది.

పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. నాకన్నా చిన్నది. వాళ్ళమ్మను చూపించడానికి వచ్చిందట, ఇవాళే మొదలుపెట్టమన్నారట, ఆవిడేమో బయట బెంచీ మీద కూర్చుని లోపలికి రానంటోందట. చాలా కష్టంగా ఉంటుందా అని వదినను అడిగింది.

"ఉంటుంది," అంది వదిన.

"అమ్మ ఒక నెల ఆగుదామంటోందండీ. ఏదో కొత్త మందు వస్తోందని ఎవరో చెప్పారట."

వదిన కళ్ళు తెరిచింది. "ఆగొద్దమ్మా. నేనాగాను. పెరిగింది."

"ఎందుకాగారు?"

"భయమేసి."

నా వైపు చూడలేదు. అంత పెద్ద గదిలో ఆ ఒక్క మాట నా కోసమే చెప్పి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. మంచినీళ్ళ సీసా నా చేతిలో ఉంది. ఇప్పుడు నేను ఊరుకుంటే ఆ మాట అలాగే ఉండిపోతుంది, ఆమె ఎప్పటికీ ఇంకెవరితోనూ వేరేలా చెప్పదు. నాకు తెలుసు.

"భయమేసి కాదండీ," అన్నాను. "నేను చెప్తే ఆగింది. మా ల్యాబులో క్యాన్సర్ కణాలు చచ్చిపోతున్నాయని చెప్పాను. అవి చావలేదు."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. నన్నూ వదిననూ మార్చి మార్చి చూసింది.

"అంత గబగబా చెప్తే ఎవరికి అర్థమవుతుందే," అంది వదిన, కళ్ళు మూసుకునే. "నింపాదిగా చెప్పు."

కుర్చీ ఇటు తిప్పుకుని మొదటి నుంచీ చెప్పాను. గడ్డలో ఏముంటుందో, మేము దేన్ని పట్టుకోవాలని చూస్తున్నామో, పట్టుకున్నామనుకుని నేనెలా పొరబడ్డానో, పొరపాటని తెలిశాక కూడా ఎన్ని ఆదివారాలు ఇంటికి రాకుండా తప్పించుకున్నానో. వదిన అక్కడే వింటోంది. ఆ చివరిది ఆమెకూ నేను ఇంతవరకు ఇలా చెప్పలేదు.

"అయితే మీ దగ్గర మందు ఎప్పుడొస్తుంది?" అంది ఆ అమ్మాయి.

ఎలకలు అనబోయాను. అనుమతులు అనబోయాను. వీపున విషం సంగతి నాలుక చివరి దాకా వచ్చింది.

"మా దగ్గర మందు లేదండీ," అన్నాను. "ఇది ఉంది." అని వదిన పక్కన స్టాండుకు వేలాడుతున్న సంచిని చూపించాను.

ఆ అమ్మాయి దాన్ని కాసేపు చూసింది. చుక్క, చుక్క పడుతోంది. తర్వాత లేచి, వాళ్ళమ్మను లోపలికి తీసుకురావడానికి వెళ్ళింది.